8255 చిప్ గారి సముఖానికి ఒక విన్నపం

మహారాజశ్రీ 8255 ప్రోగ్రామబుల్ పెరిఫెరల్ ఇంటర్‌ఫేస్ గారికి,

40 పిన్నుల దేహంతో, 8 లైన్ల చొప్పున ఏ, బీ, సీ అనే మూడు పోర్టులతో (సంకేతాలు వచ్చిపోయే ద్వారాలతో) తమరు మైక్రోప్రాసెసర్‌కూ బయటి పరికరాలకూ నడుమ కొలువుదీరి ఉన్నారు. 1981 నాటి ఐబీఎం పీసీలో కీబోర్డు సంకేతాలను అందుకోవడమూ, స్పీకరు మోగడానికి అనుమతి ఇవ్వడమూ తమరి చేతుల మీదుగానే జరిగేవి. ఇంతటి పదవిలో ఉన్నవారు 8085 మైక్రోప్రాసెసర్ లాగా మూలల్లో ఉన్న పిన్నుల వద్ద విద్యుత్తు పుచ్చుకోక, సరఫరాను 26లోనూ గ్రౌండును 7లోనూ కోరడం గొప్పవారి ప్రత్యేకత అనుకుంటాను.

రీసెట్ కాగానే పోర్టులన్నిటినీ ఇన్‌పుట్‌లుగా పెట్టుకొని, ఎవరినీ ఏమీ ఆజ్ఞాపించకుండా కూర్చునే తమరి వినయం నాకు నిజంగానే నచ్చుతుంది. నా ఫిర్యాదంతా ఆ తరువాతి నడత గురించే. పోర్టుల నడతను నిర్ణయించే కంట్రోల్ రిజిస్టర్‌లో 80హెచ్ (హెక్సాడెసిమల్ సంఖ్య) రాస్తే మూడు పోర్టులూ మోడ్ 0లో, అంటే సాదా పద్ధతిలో, అవుట్‌పుట్‌లవుతాయి. పోర్టు ఏ మీద మోటార్లు, పోర్టు బీ మీద రిలేలు (విద్యుత్తుతో నడిచే స్విచ్‌లు) పనిచేస్తుండగా, పోర్టు సీ కింది నాలుగు లైన్లను మాత్రం ఇన్‌పుట్‌గా మార్చమని 81హెచ్ పంపితే, తమరు అడిగిన మార్పుతో ఊరుకోక బయటికి పంపే విలువలను పట్టి ఉంచే అవుట్‌పుట్ లాచ్‌లన్నిటినీ సున్నా చేసి పెడతారు. ఒక గది తాళం మార్చమంటే ఇల్లంతా ఖాళీ చేయించినట్టుంది. సున్నా అంటే ఆగిపోవడమే కదా అని తమరు సెలవియ్యవచ్చు; కానీ రిలే డ్రైవరు సున్నాకే పనిచేసే రకమైతే, అంతవరకు ఆగి ఉన్నవన్నీ ఒక్కసారిగా లేచి కూర్చుంటాయి.

పోర్టు సీ మీద మాత్రం తమరికి కొంత దయ ఉంది. డీ7ను (అన్నిటికన్నా పై బిట్‌ను) సున్నాగా ఉంచిన కంట్రోల్ పదంతో దాని బిట్లను ఒక్కొక్కటిగా, తక్కినవి కదలకుండా మార్చవచ్చు. అయితే ఆ పదాన్ని పోర్టు సీ చిరునామాకు కాక కంట్రోల్ చిరునామాకే సమర్పించుకోవాలి. ఏ, బీ రెండూ మోడ్ 1కి వెళితే వాటి హ్యాండ్‌షేక్ సంకేతాలు (పరికరంతో ‘పంపాను, అందింది’ అని చెప్పుకునేవి) మోయడానికే సీ లైన్లలో 6 పోతాయి. అన్నిటికన్నా విచిత్రం పీసీ4, అంటే పోర్టు సీ లోని 4వ నంబరు బిట్. పోర్టు ఏ మోడ్ 1 ఇన్‌పుట్‌గా ఉన్నప్పుడు ఆ పిన్ను బయటి పరికరం పంపే స్ట్రోబ్‌ను (డేటా సిద్ధమన్న సంకేతాన్ని) అందుకుంటూ ఉంటుంది. అదే పేరు మీద బిట్‌ను సెట్ చేస్తే పిన్నుకేమీ కాదు గాని, లోపల పోర్టు ఏ ఇంటరప్ట్‌కు (ప్రాసెసర్‌ను పని మధ్యలో పిలిచే సంకేతానికి) అనుమతి లభిస్తుంది.

మోడ్ మార్చిన ప్రతిసారీ పాత విలువలను మెమరీలోంచి తెచ్చి తిరిగి రాసే పని మా ప్రోగ్రామే చేసుకుంటోంది. ఆ రెండు ఆజ్ఞల నడుమ రిలేలు ఏం చేస్తాయన్నది వాటి దయ. పంపిన కంట్రోల్ పదాన్ని కూడా మేమే దాచుకుంటున్నాము, ఎందుకంటే తమరి తొలి తరాలు దానిని తిరిగి చదవనివ్వవు. ఆ మర్యాదను తరువాత వచ్చిన సీమాస్ (తక్కువ విద్యుత్తు వాడే సాంకేతికత) రకం 82సీ55ఏ నేర్చుకుంది. కాబట్టి ఈ విన్నపానికి జవాబు ఇవ్వదలిస్తే దయచేసి ఏ, బీ, సీ పోర్టులలో ఎక్కడైనా ఉంచండి, కంట్రోల్ చిరునామాలో మేము వెతకము.

ఇట్లు,
డేటా బస్సుకు ఇవతల వేచి ఉన్న
ఒక ప్రోగ్రామర్