శ్రుతి దించితే పోయేదేముంది?

పోయిన డిసెంబర్లో ఒక పాత సినిమా పాటల ప్రోగ్రాముకి వెళ్ళాను. పేరు చెప్పను, ఎనభైకి దగ్గర్లో ఉన్న గాయని. పల్లవి బాగానే సాగింది. చరణంలో పైకెళ్ళే చోట ఆవిడ మైకుని జానెడు దూరం జరిపారు, వెనకున్న కోరస్ అమ్మాయి గొంతు పెంచింది. అంతసేపూ ఆవిడ కళ్ళు కీబోర్డతని మీదే. నా వెనక సీటాయన "ఈ వయసులో ఎందుకండీ, హాయిగా ఇంట్లో కూర్చోక" అన్నాడు. టికెట్ కొనుక్కుని వచ్చినాయనే!

అసలావిడ తప్పేముంది? పాతికేళ్ళ వయసులో రికార్డయిన పాటని ఇప్పుడూ అదే శ్రుతిలో, అంటే గొంతు అంతే ఎత్తులో పెట్టి, పాడాలట. రెండు మెట్లు దించితే "ఒరిజినల్ ఫీల్ పోయింది" అని మనమే గొణుగుతాం. కీబోర్డుకి ఒక బటన్ నొక్కితే సరి, ఫ్లూటాయన ఇంకో వేణువు తీసుకుంటాడు. అంతేగా!

కర్ణాటక కచేరీల్లో ఈ గొడవ లేదు. గొంతు దిగితే తంబురా శ్రుతీ దిగుతుంది. పక్కన శిష్యుడు కూర్చుని పై స్థాయి అందుకుంటాడు, అదేం మోసమని ఎవరూ అనుకోరు. కర్ణాటక విద్వాంసులు సెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్ తొంభై ఏళ్ళ దాకా పాడారు. నన్నడిగితే ఆయన గొంతు వయసులో ఉన్నప్పుడూ తేనె కాదు. జనం వెళ్ళింది ఆయన రాగం కోసం.

మానేయడం తప్పని అనట్లేదు. ఎస్.జానకి 2016లో, 78 ఏళ్ళప్పుడు, ఇక చాలన్నారు. మరుసటేడు మైసూరులో వీడ్కోలు కచేరీ చేశారు. ఎవరో పక్కనుంచి పొడిస్తే కాదు, తనకి తోచినప్పుడు.

ఇంకోటి, డబ్బు. సినిమా గాయకులకి రాయల్టీ హక్కు చట్టంలోకి వచ్చిందే 2012లో. అంతకుముందు పాటకింతని చేతిలో పెట్టి పంపేవాళ్ళు. పెద్ద పేర్ల సంగతి వదిలేయండి, కోరస్‌లో నలభై ఏళ్ళు నిలబడ్డవాళ్ళకి రిటైర్మెంట్ సలహా ఇచ్చేముందు పెన్షన్ ఎవరిస్తారో కూడా చెప్పాలి.

ఆ రోజు చివర్లో ఆవిడ ఆర్కెస్ట్రాని ఆగమని చెయ్యెత్తారు. కుర్చీ తెప్పించుకుని కూర్చుని, బాగా కిందికి దించుకుని, ఒట్టి గొంతుతో ఒక జోలపాట అందుకున్నారు. మధ్యలో దమ్ము చాలక ఒకసారి ఆగారు, నవ్వి మళ్ళీ ఎత్తుకున్నారు. హాల్లో చప్పుడు లేదు. తిరిగి చూస్తే వెనక సీటాయన ఫోన్ పైకెత్తి రికార్డు చేసుకుంటున్నాడు.