మూడున్నర దాకా మాట ఆగకూడదు

మన దేశంలో షేర్ మార్కెట్ ఉదయం 9.15 గంటలకు తెరుచుకుని మధ్యాహ్నం 3.30 గంటలకు మూతపడుతుంది. మొత్తం 375 నిమిషాలు. సామాన్య మదుపరి కొన్న షేరు సాధారణంగా ఈ 375 నిమిషాల్లో రూపాయి ఎక్కి, రూపాయి దిగి, ఎక్కడ బయలుదేరిందో ఇంచుమించు అక్కడికే చేరుకుంటుంది. ఆ ప్రయాణాన్ని చూడడానికి పది నిమిషాలు చాలు. మిగిలిన ఆరు గంటల పైచిలుకు కాలాన్ని దేనితో నింపాలన్నదే వాట్సాప్, టెలిగ్రామ్‌లలో కొలువుదీరిన మన మదుపరుల బృందాల ముందున్న అసలు సమస్య అనీ, దీన్ని ఇంతవరకు ఏ నియంత్రణ సంస్థా పట్టించుకోకపోవడం శోచనీయమనీ సవినయంగా మనవి చేస్తున్నాను. బృందం ఒక అరగంట మౌనం వహిస్తే సభ్యుడికి తన షేరు గుర్తుకు వస్తుంది. షేరు గుర్తుకు వస్తే, దాన్ని ఎందుకు కొన్నాడో కూడా గుర్తు చేసుకోవలసి వస్తుంది. ఆ కారణం ఎంతకీ తట్టకపోతే రక్తపోటు పెరుగుతుంది. కాబట్టి బృందంలో మాట ఆగకుండా చూడడాన్ని కాలక్షేపంగా కాక ప్రజారోగ్య కార్యక్రమంగా పరిగణించాలి.

మాట రేపడానికి ఎలాంటి ప్రశ్న పనికొస్తుందన్న విషయంలో కొత్తగా చేరినవారికి చాలా అపోహలు ఉంటాయి. చదువుకున్నవాళ్లు, ముఖ్యంగా సీఏ మధ్యలో వదిలేసినవాళ్లు, 'ఈ కంపెనీకి అప్పు ఎంత ఉందండీ?' వంటి ప్రశ్నలతో రంగంలోకి దిగుతారు. అప్పు ఎంతో వార్షిక నివేదికలో అచ్చయి ఉంటుంది కనుక ఎవరో ఒకరు ఆ అంకె తెచ్చి పెట్టేస్తారు, దాంతో ఆ సంభాషణకు నూరేళ్లూ నిండుతాయి. అదే మనిషి 'అన్నా, ఇది ఇక్కడి నుంచి పెరుగుతుందా?' అని అడిగి ఉంటే, దానికి జవాబు భూమ్మీద ఎవరి దగ్గరా లేదు కాబట్టి అందరూ చెప్పగలిగేవారు. కూకట్‌పల్లి వారు పెరుగుతుందనేవారు, గాజువాక వారు కొంచెం పడ్డాక పెరుగుతుందనేవారు, డాలస్‌లో భోజనాలు ముగించి పడుకోబోతున్నవారు సైతం దుప్పటిలోంచి చెయ్యి బయటపెట్టి 'లాంగ్ టర్మ్‌కి ఓకే' అని ఒక మాట వేసేవారు.

ఈ సూత్రానికి పరాకాష్ఠ గ్రే మార్కెట్ ప్రీమియం, అంటే మనవాళ్ల నోట్లో జీఎంపీ. ఐపీఓకు, అంటే జనానికి తొలిసారి అమ్మకానికి, వచ్చిన షేరు మార్కెట్లో మొదటిసారి చేతులు మారే లిస్టింగ్ నాడు ఎంత ఎక్కువ పలుకుతుందో ముందే చెప్పే ఈ అంకెను ఏ ఎక్స్ఛేంజీ ప్రకటించదు, ఏ అధికారీ సంతకం చెయ్యడు, అది ఏ గల్లీలో పుట్టి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో బృందంలో ఎవరికీ తెలియదు. అందువల్లనే దాని మీద అందరికీ అంత నమ్మకం. కంపెనీ తన కష్టనష్టాలన్నీ ఏకరువు పెట్టిన వందల పేజీల ప్రాస్పెక్టస్‌ను తెరవని మనిషి, 'జీఎంపీ ఎంత?' అన్న రెండు మాటలకు మాత్రం రాత్రి పన్నెండింటికి కూడా లేచి జవాబిస్తాడు. 2022 మేలో ఎల్‌ఐసీ ఐపీఓ వచ్చినప్పుడు ఈ విద్య ఇంటింటికీ చేరింది. షేరు 949 రూపాయలు, పాలసీదారులకు 60 రూపాయల తగ్గింపు. అంతవరకు షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా అంటే ఏమిటో ఎరుగని పెద్దవాళ్లు కూడా పాలసీకి పాన్ నంబరు జతచేయించుకుని, ప్రీమియం కట్టడమే తెలిసిన జీవితంలో తొలిసారిగా ప్రీమియం వస్తుందని ఎదురుచూశారు. లిస్టింగ్ దగ్గర పడేకొద్దీ జీఎంపీ తరిగి తరిగి సున్నాకు దిగువకు పోయింది. మే 17న ఎన్‌ఎస్‌ఈలో షేరు 872 దగ్గర మొదలైంది. మాట తగ్గిందనుకుంటున్నారా? పెరిగింది. 'ఇదీ పాలసీయే అనుకుని ఉంచేద్దామండీ' అని ఒక పెద్దాయన అన్న మాటకు పడినన్ని దండాలు లాభం వచ్చిన ఏ ఐపీఓకూ పడలేదు.

అయితే ఐపీఓ వారం రోజుల ముచ్చట. ఏళ్ల తరబడి బృందాన్ని పోషించగలిగేది పడిపోయిన షేరే. ఈ విషయంలో యెస్ బ్యాంకు చేసిన సేవకు సాటి లేదు. 2018లో 400 రూపాయల దాకా వెళ్లిన ఆ షేరు, 2020 మార్చి 5న ఖాతాదారులు డబ్బు తీసుకోవడానికి పరిమితి పెడుతూ రిజర్వు బ్యాంకు మారటోరియం విధించిన మర్నాడు ఒక దశలో ఆరు రూపాయల లోపుకు దిగింది. ఆపైన వచ్చిన పునర్నిర్మాణ పథకంలో, వందకు మించి షేర్లు ఉన్నవారు వాటిలో 75 శాతాన్ని మూడేళ్ల పాటు అమ్మకూడదని నిర్ణయించారు. దీర్ఘకాలిక మదుపు గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా మారని మనవాళ్లు ఆ ఒక్క ఉత్తర్వుతో దీర్ఘకాలిక మదుపరులయ్యారు. అమ్మే వీలే లేని ఆ మూడేళ్లూ, అంటే 2023 మార్చి దాకా, 'అమ్మాలా, ఉంచాలా' అన్న చర్చ బృందాల్లో ఎంత నిష్కామంగా సాగిందో చూసినవారికి గీతాసారం వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పటికీ ఆ చర్చకు ఒక పద్ధతి ఉంది. 'సార్, యెస్ బ్యాంక్, యావరేజ్ 64. ఏం చెయ్యమంటారు?' అని, షేరు సగటున 64 రూపాయలకు కొన్న ఒకరు అడుగుతారు. 'హోల్డ్ బ్రో' అన్న జవాబు పది సెకన్లలో వస్తుంది. జవాబిచ్చినవారి యావరేజ్ 88 అని తరువాత తెలుస్తుంది. 'వెనకాల ఎస్‌బీఐ ఉందండీ, ఏమీ కాదు' అని ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ధైర్యం చెబుతారు. 'ఇంకో రెండు వేల షేర్లు కలపండి, యావరేజ్ దిగుతుంది' అని లెక్కలు వచ్చినవారు సూచిస్తారు; నష్టం ఉన్నచోటే ఉండి యావరేజ్ మాత్రమే దిగినప్పుడు మనిషికి కలిగే ఊరటను అర్థశాస్త్రం ఇంకా సరిగ్గా అంచనా వెయ్యలేదని నా అభిప్రాయం. 2025 మేలో జపాన్‌కు చెందిన ఎస్‌ఎంబీసీ అనే బ్యాంకు ఈ బ్యాంకులో 20 శాతం వాటా కొంటామని ప్రకటించిన రోజున బృందాలు పండగ చేసుకున్నాయి. 'జపాన్ వాళ్లు ఊరికే కొంటారా?' అని ఒకరినొకరు అడుక్కున్నారు. వాళ్లు కొంటున్నది 64కు కాదు, 21.50కి అన్న సంగతిని ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే మర్యాద.

ఎన్నికల ఫలితాల రోజున మాట కోసం ఎవరూ శ్రమపడనక్కర్లేదు. 2024 జూన్ 4న సెన్సెక్స్ 4,389 పాయింట్లు పడి దేశమంతా దిగాలుగా ఉంటే, తెలుగు బృందాలకు చంద్రబాబు నాయుడి కుటుంబ సంస్థ హెరిటేజ్ ఫుడ్స్ దొరికింది. తరువాతి కొద్ది రోజుల్లోనే ఆ షేరు సగానికి పైగా పెరిగింది. దాన్ని కొన్నవాళ్లు ఎందరో గానీ, 'నేను ముందే చెప్పానా లేదా?' అన్నవాళ్ల సంఖ్య మాత్రం ఆ కంపెనీ వాటాదారుల సంఖ్యను దాటిపోయి ఉంటుంది. ఆ ముందు చెప్పిన మెసేజ్ ఏదని అడిగితే పాత ఫోన్లో ఉందన్నారు.

ఇంత చక్కగా సాగే వ్యవస్థను చెడగొట్టడానికి ప్రతి బృందంలోనూ ఒకరు ఉంటారు. ఆయన సరిగ్గా 11 గంటలకు, మాట మంచి ఊపు మీద ఉండగా, ఒక పీడీఎఫ్ పెట్టి, 'కంపెనీ లాభం చూపిస్తోంది గానీ చేతికి నగదు రావడం లేదు, వసూలు కావలసిన బాకీలు ఏటేటా పెరుగుతున్నాయి, ఒకసారి గమనించగలరు' అని రాస్తారు. వెంటనే బృందం మీద ఒక నిశ్శబ్దం పడుతుంది. రెండు నమస్కారం బొమ్మలు వస్తాయి. 'గుడ్ ఇన్ఫో సార్' అని ఒకరు, పీడీఎఫ్ తెరవడానికి పట్టే సమయం కంటే ముందే, అంటారు. ఇలాంటి సంకటంలో బృందాన్ని కాపాడే బ్రహ్మాస్త్రం హైదరాబాద్ వారి దగ్గర ఉంది: 'సత్యం బ్యాలెన్స్ షీట్ కూడా బాగానే ఉండేది కదండీ!' ఇక మాటకు తిరుగులేదు. 2009 జనవరి 7న ఐటీ కంపెనీ సత్యం అధినేత రామలింగరాజు రాసిన లేఖలో పుస్తకాల్లో చూపించిన 5,040 కోట్ల రూపాయల నగదు అసలు లేనేలేదని బయటపడింది, ఆ ఒక్కరోజే షేరు విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆవిరైంది. దాన్నిబట్టి, లాభం చూపించే కంపెనీలో నగదు నిజంగా ఉందో లేదో వెతకాలని ఎవరైనా అనుకోవచ్చు. పీడీఎఫ్ పెట్టిన పెద్దమనిషి చేస్తున్నది అదే. కానీ బృందం ఏకగ్రీవంగా తీసుకున్న పాఠం వేరు: పుస్తకాలు చదవడం దండగ.

షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కూడా ఇటీవల ఈ పీడీఎఫ్ పెద్దమనిషి బాటలో నడుస్తుండడం ఆందోళనకరం. 2021-22 నుంచి మూడేళ్లలో, రేపటి ధరల మీద పందెం లాంటి ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన కోటి మందికి పైగా వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారనీ, సగటున ఒక్కొక్కరికి సుమారు రెండు లక్షలు, అందరికీ కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైగా పోయాయనీ 2024 సెప్టెంబరులో లెక్క తేల్చి బయటపెట్టింది. అంత కచ్చితమైన అంకె ముందు ఎవరు ఏం మాట్లాడగలరు? 'వాళ్లందరికీ డిసిప్లిన్ ఉండదు సార్' అని ఒకరు సర్ది చెప్పి, 'ఇవాళ బ్యాంక్ నిఫ్టీ ఎలా ఉంటుంది?' అని మళ్లీ పట్టాల మీదికి తెచ్చారు గనుక సరిపోయింది. ఇది చాలదన్నట్టు, మార్కెట్ పాఠాలు చెప్పేవారు గత మూడు నెలల ధరలు చూపించి ఏ షేరు గురించీ మాట్లాడరాదని 2025 జనవరిలో స్పష్టం చేసింది. సంక్రాంతి గారెలను ఉగాదికి వడ్డించమన్నట్టుంది ఈ నిబంధన. అదృష్టవశాత్తు మన గురువులు దీనికి లొంగలేదు. 'ఇది కేవలం ఎడ్యుకేషన్ కోసమే, నేను సెబీ రిజిస్టర్డ్ కాదు' అని ముందు ఒక సంకల్పం చెప్పుకుని, ఆ తరువాత కొనవలసిన ధర, టార్గెట్, పడితే అమ్మి బయటపడవలసిన స్టాప్‌లాస్ వరసగా బోధిస్తున్నారు. విద్య ఇంత సూటిగా, ఇంత వేగంగా అందే చోటు మన విశ్వవిద్యాలయాల్లో ఎక్కడా లేదు.

ఆప్షన్ల గడువు ముగిసే ఎక్స్‌పైరీ రోజు గురించి ఎక్కువ చెప్పను, ఆ రోజు మధ్యాహ్నం రెండు దాటాక మాట తనంతట తానే పుడుతుంది. రెండు రూపాయల ఆప్షన్ నలభై అవుతుందని ఎదురుచూసే ఆ క్రతువును 'జీరో టు హీరో' అంటారు. మూడున్నరకు అది సాధారణంగా జీరో దగ్గరే ఆగుతుంది. 2025 సెప్టెంబరు నుంచి నిఫ్టీ వారపు ఎక్స్‌పైరీ గురువారం నుంచి మంగళవారానికి మారింది. మంగళవారం పూట చేతి నుంచి డబ్బు బయటికి ఇవ్వకూడదని అమ్మమ్మల నాటి నుంచి వస్తున్న ఆచారానికి ఇది పూర్తిగా విరుద్ధమైనా, ఒక్క బృందం నుంచి కూడా అభ్యంతరం రాలేదు. లాభం వచ్చిన వారం స్క్రీన్‌షాట్ పెట్టేవారు, రాని వారం ఊర్లో పెళ్లి ఉందని చెబుతారు. అంత తరచుగా పెళ్లిళ్లయ్యే ఊరు ఏదో నేను ఇంతవరకు అడగలేదు.

ఇక మిగిలింది శని, ఆదివారాల సమస్య. ధర ఉండదు, చార్టు కదలదు, గురువులు కుటుంబంతో ఉంటారు. అప్పుడు ఎవరో ఒక అనుభవజ్ఞుడు నిట్టూర్చి, 'ఈ షేర్లలో పోసిన డబ్బుతో ఆ రోజుల్లో షాద్‌నగర్‌లో ఒక ప్లాట్ కొని పడేసి ఉంటే...' అని అర్ధోక్తిలో ఆపుతారు. అంతవరకు చదివి ఊరుకునే సభ్యులందరూ ఒక్కసారిగా మేలుకుంటారు. భూమికి 9.15 లేదు, 3.30 లేదు, స్క్రీన్ మీద ధర కనబడదు; ఎవరు ఎంత చెబితే అంతే. 'గజం ఎంత చెబుతున్నారండీ?' అని తెలంగాణ వారు అడిగితే, 'మా వైపు సెంటు లెక్క' అని గుంటూరు వారు అందుకుంటారు. మొన్న ఆదివారం ఈ గజాల, సెంట్ల వాదం రెండు గంటల పాటు రసవత్తరంగా సాగుతుండగా, మన పీడీఎఫ్ పెద్దమనిషి వచ్చి, సెంటుకు 48.4 గజాలండీ అని లెక్క చెప్పేశారు. అందరూ నోరు మూసుకున్నారు. అడ్మిన్ గారు అనుభవం ఉన్నవారు కనుక ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యలేదు. 'అది సరే సార్,' అని రాశారు, 'అమరావతిలో ఇక్కడి నుంచి పెరుగుతుందంటారా?'