సెట్ అయిందా?

తెలుగిళ్ళలో ఇప్పుడు ఒకే ఒక్క క్రియతో రోజు గడిచిపోతోంది. ఉద్యోగం సెట్ అవుతుంది, పెరుగు సెట్ అవుతుంది, గొంతు సెట్ అవుతుంది. చీరకి జాకెట్టు సెట్ కాదు, అత్తకి కోడలు సెట్ కాదు. కుదరడం, తోడుకోవడం, నప్పడం, పొసగడం అనే మాటలన్నీ పింఛను తీసుకుని ఇంట్లో కూర్చున్నాయి.

ఇంగ్లీషువాళ్ళు కూడా దీన్ని తక్కువేం వాడుకోలేదు. ఆక్స్‌ఫర్డ్ మహా నిఘంటువు రెండో కూర్పులో, అంటే 1989 నాటి దాంట్లో, ఈ ఒక్క క్రియకే 430కి పైగా అర్థాలిచ్చి, దాదాపు 60,000 మాటల్లో వివరించారు. తర్వాత మూడో కూర్పు పనిలో ‘రన్’ 645 అర్థాలతో దీన్ని దాటేసింది. ఆ ‘రన్’ ఒక్కదాన్నీ తేల్చడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టిందట. పాపం, ఆయన మా ఇంటికి వచ్చి ఉంటే ‘సెట్’ మీద ఇంకో తొమ్మిది నెలలు కూర్చునేవాడు. ఎందుకంటే వాళ్ళ సూర్యుడు సెట్ అయితే అస్తమించినట్టు. మన కుర్రాడు సెట్ అయితే వాడి దశ తిరిగినట్టు. విరిగిన ఎముకని వాళ్ళు సెట్ చేస్తారు. మనం మాత్రం పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకుంటాం. అక్కడొక్కచోటే ఎందుకో తెలుగు బతికిపోయింది.

ఇక అసలు సంగతి. రాజమండ్రిలో మా పెదనాన్నగారింట్లో అక్కకి పెళ్ళిచూపులయ్యాయి. తణుకు నుంచి వచ్చినవాళ్ళు జీడిపప్పు పకోడీలు తిని, “ఇంటికెళ్ళి ఫోన్ చేస్తాం” అని వెళ్ళారు. అక్క హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్ళిపోయింది. శనివారం రాత్రి గాలివానకి డాబా మీది డిష్ పక్కకి తిరిగిపోయి టీవీ మూగబోయింది. పెదనాన్నకి పెళ్ళికబురు ఆలస్యమైనా ఫరవాలేదు గానీ వార్తలు ఆలస్యమైతే అన్నం సహించదు. ఆదివారం పొద్దున్నే కుర్రాణ్ణి పిలిపించి, బాబాయిని వాడితో పాటు డాబా ఎక్కించాడు. సరిగ్గా అప్పుడే విజయనగరం నుంచి మేనత్త ఫోన్.

“ఏరా, సెట్ అయిందా?”

“ఇప్పుడే అయిందక్కా. పొద్దున్నుంచీ ఇదే గొడవ!”

“అమ్మయ్య! కుర్రాడెలా ఉన్నాడు?”

“పనిమంతుడక్కా. ఎక్కువ మాట్లాడడు. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టుకోలేదు.”

“అన్నయ్య ఏమంటున్నాడు?”

“ఆయనకేం, సోఫాలో కూర్చుని ఆనందంగా ఉన్నాడు. వాడు ఆరొందలు అడిగాడు, నేను నాలుగొందలకి దింపాను.”

అత్తయ్య దాన్ని భోజనాల లెక్క అనుకుంది. నాలుగొందల విస్తళ్ళు మన బంధువులకే చాలవని ఆవిడ బాధపడుతుండగానే, “వానొస్తే మాత్రం మళ్ళీ చెప్పలేమన్నాడక్కా” అని బాబాయి ఫోన్ పెట్టేశాడు. అంటే ముహూర్తం వానలు వెనకబట్టాక పెట్టించాలన్నమాట!

అయిదు నిమిషాల్లో బంధువుల వాట్సాప్ గుంపులో ‘సెట్ అయింది’ అని పడింది. కింద దండాలు, గులాబీలు, కొబ్బరికాయ బొమ్మలు. అత్తయ్య అక్కడితో ఆగితే అత్తయ్యే కాదు. తెలిసినవాళ్ళ చేత ఆత్రేయపురంలో పూతరేకులకి కూడా చెప్పించేసింది, నెయ్యి దండిగా వెయ్యమని మరీ.

పావుగంటకి అక్క ఫోన్ చేసి పెద్దమ్మ మీద విరుచుకుపడింది. “నన్నొక మాటైనా అడగరా? ఆఫీసులో స్నేహితులు పార్టీ అంటున్నారు, పెళ్ళికొడుకు పేరు కూడా నాకు సరిగ్గా గుర్తులేదు!” పెద్దమ్మకి ఏమీ అర్థం కాక ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని నిలబడింది.

ఈలోగా మధ్యవర్తి ద్వారా కబురు తణుకు చేరింది. పెళ్ళికొడుకు తండ్రి నేరుగా పెదనాన్నకి చేశాడు. పెదనాన్న టీవీ శబ్దం తగ్గించే అలవాటున్న మనిషి కాదు.

“బావగారూ, సెట్ అయిందని మీరంతా చెప్పుకుంటున్నారట?”

“అవునండీ, పదింటికే అయిపోయింది. చాలా స్పష్టంగా ఉంది. మీవైపు ఎలా ఉంది?”

“మావైపు ఇంకా ఇంట్లో అనుకోవాలండీ...”

“అనుకునేదేముందండీ, కుర్రాణ్ణి పిలిపించండి, పైకెక్కిస్తే అరగంటలో తిప్పేస్తాడు!”

అవతల చాలాసేపు మాట లేదు.

పెద్దమ్మ అందరి దగ్గరా వాకబు చేసి చిక్కుముడి విప్పేసరికి మధ్యాహ్నం రెండయింది. తణుకువారికి ఆవిడే ఫోన్ చేసి డిష్ కథంతా చెప్పింది. అటువైపు ఆవిడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, “మా ఇంట్లోనూ ఇంతేనండీ” అందిట. ఆ సాయంత్రం పెళ్ళికొడుకే అక్కకి ఫోన్ చేశాడు. ముందు క్షమాపణ ఎవరు చెప్పాలో తెలియక ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడావే అంటే అక్క “చూద్దాం” అంది. బాబాయి ఆ మాటకి అర్థం అడగబోతే పెద్దమ్మ కళ్ళతోనే ఆపేసింది.

మర్నాడు పూతరేకుల పెట్టెలు దిగాయి. దేనికని తినాలో తెలియకపోయినా తినడం మాత్రం ఎవరూ మానలేదు. డిష్ కుర్రాడికీ ఒక పెట్టె వెళ్ళింది. రాత్రి అత్తయ్య మళ్ళీ ఫోన్ చేసింది.

“ఇంతకీ వదినా, సెట్ అయినట్టా, కానట్టా?”

“డిష్షో పెళ్ళో ముందది చెప్పి, ఆనక అడుగు!” అంది పెద్దమ్మ.