సవరణ: 5.1లో సరౌండ్ స్పీకర్ల చోటు వెనక గోడ కాదు

హోమ్ థియేటర్ ప్లానింగ్ గురించి మొన్న పెట్టిన పోస్టులో, 5.1 సెట్‌లోని (ఐదు స్పీకర్లు, బేస్ శబ్దానికి ఒక సబ్‌వూఫర్) రెండు సరౌండ్ స్పీకర్లను, అంటే చుట్టూ శబ్దం వినిపించేలా చేసేవాటిని, సోఫా వెనక గోడకు బిగించమని రాశాను. అది తప్పు, ఏడు స్పీకర్లుండే 7.1 అమరికతో కలిపేశాను.

సరౌండ్ సౌండ్ టెక్నాలజీ కంపెనీ డాల్బీ సూచనల ప్రకారం 5.1లో ఆ రెండూ పక్కల ఉండాలి. మనం కూర్చునే చోటి నుంచి స్క్రీన్ మధ్యభాగాన్ని సున్నా డిగ్రీలు అనుకుంటే, అటూ ఇటూ 90 నుంచి 110 డిగ్రీల మధ్య. అంటే చెవులకు సరిగ్గా పక్కన, లేదా కాస్త వెనక్కి. ఎత్తు చెవి మట్టానికి గానీ కొంచెం పైకి గానీ. 135 నుంచి 150 డిగ్రీల స్థానం 7.1లో అదనంగా వచ్చే వెనక జతది. మన ఫ్లాట్లలో సోఫా ఎలాగూ గోడకు ఆనుకునే ఉంటుంది, అక్కడ వెనక జతకు చోటెక్కడిది!

ఇప్పటికే వెనక గోడలోకి వైరు లాగించినవాళ్లు టెన్షన్ పడి గోడ పగలగొట్టించకండి. అక్కడి నుంచి కేసింగ్ పట్టీలో పక్క గోడకు తెచ్చుకోవచ్చు. ఒక పక్క బాల్కనీ తలుపు అడ్డొస్తే స్పీకర్ స్టాండ్ చాలు. స్పీకర్ల చోటు మారింది కాబట్టి ఏవీ రిసీవర్‌లో (స్పీకర్లన్నిటికీ శబ్దాన్ని పంపే పెట్టె) ఒక్కో స్పీకర్ దూరం, శబ్దం లెవెల్ మళ్లీ సెట్ చేయాలి. ముందువైపు స్పీకర్లు, సబ్‌వూఫర్ గురించి ఆ పోస్టులో రాసినదాంట్లో మార్పేమీ లేదు.