తెప్పకి సిగ్నలుంది, మనిషికి లేదు

చేపల బోట్లలో పనిచేసేవాళ్లకి ఇంటర్నెట్ ఇవ్వాలన్నందుకు మొన్న ఒకాయన నాతో వాదనకి దిగాడు. "వేటకెళ్లినోడికి బోట్లో వైఫై ఎందుకండీ, రీల్స్ చూడ్డానికా?" అని. అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను గానీ ఆ మాట ఇంకా గొంతులో ముల్లులా ఉంది. అందుకే ఈ పోస్టు. పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నా.

ట్యూనా కోసం వెళ్లే పెద్ద వల నౌకలు సముద్రంలో తెప్పలు వదుల్తాయి. వెదురుతోనో ప్లాస్టిక్‌తోనో కట్టినవి, కింద పాత వల ముక్కలు వేలాడుతుంటాయి. చేపలు వాటి కిందకి చేరతాయి. ఆ తెప్పకి ఒక బోయా, అంటే నీళ్ల మీద తేలే పరికరం, కడతారు. తానెక్కడుందో, తన కింద చేప ఏపాటి చేరిందో శాటిలైట్ ద్వారా నౌకకి చెప్తూనే ఉంటుంది. మనిషన్నవాడు లేని తెప్ప నడిసముద్రం నుంచి కబుర్లు పంపుతుంది. అదే సముద్రంలో ఇంకో బోట్లో పనిచేసే కళాసీకి మాత్రం ఇంటి దగ్గర బిడ్డ పుట్టిందో లేదో తెలియాలంటే రేవు రావాలి. అది పది నెలలకొస్తుందో, రెండేళ్లకొస్తుందో.

ఎందుకంత ఆలస్యం అంటారా? బోటు ఒడ్డుకి రావాల్సిన పనే లేకుండా చేసుకున్నారు గనక. చేపని గడ్డకట్టించి మోసుకెళ్లే శీతల నౌకే సముద్రం మధ్యకి వచ్చి చేపని ఎక్కించుకుంటుంది, డీజిలూ తిండి సరుకులూ దించి పోతుంది. సరుకు ఒడ్డెక్కుతుంది, పట్టినవాడు అక్కడే ఉంటాడు. ఒడ్డుకే రాని బోటుని ఏ లేబర్ ఇన్‌స్పెక్టర్ ఎక్కి చూస్తాడు?

పనెలా ఉంటుందో కూడా కాస్త చెప్పనివ్వండి. లాంగ్‌లైన్ బోటు, అంటే పొడవాటి తాడుకి గాలాలు కట్టి చేపలు పట్టేది, తీసుకుందాం. అసలు తాడు పొడవు 100 కిలోమీటర్లు దాటుతుంది. దానికి 3 వేల దాకా గాలాలు. ఎర గుచ్చి గుచ్చి వదలడానికి నాలుగైదు గంటలు, తిరిగి లాగడానికి పది పన్నెండు గంటలు. కూడి చూసుకోండి. మిగిలిన వేళలోనే తినాలి, పడుకోవాలి, గ్లోవ్స్‌లో నాని తెల్లబడ్డ వేళ్లు ఆరబెట్టుకోవాలి. పచ్చిగా తినడానికి పోయే ట్యూనా అయితే మైనస్ 60 డిగ్రీల ఫ్రీజర్లోకి మోసుకెళ్లేదీ ఈ చేతులే. చేపకి ఎన్ని డిగ్రీలో నిమిషనిమిషానికీ రికార్డు ఉంటుంది. మనిషి ఎన్ని గంటలు నిద్రపోయాడో రాసే పుస్తకం బోటు నడిపించే సరంగు దగ్గరుంటుంది. ఆయన ఏం రాస్తే అదే.

చట్టం లేదా అంటే, లేకేం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో చేసిన 188వ ఒప్పందం ఉంది, 2017 నవంబర్ నుంచి అమల్లోకి కూడా వచ్చింది. మూడు రోజులకి మించి సముద్రంలో ఉండే బోటైతే 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతివ్వాలి. పని ఇప్పించినందుకు కార్మికుడి దగ్గర కమిషన్ తీసుకోకూడదు. చేపలో వాటా మీద పనిచేసేవాడు కూడా కార్మికుడే. చదువుతుంటే కడుపు నిండిపోతుంది. చాలా దేశాలు దాన్ని ఇంకా ఆమోదించలేదు, అది వేరే ఏడుపు. ఆమోదించిన చోటైనా, వారంలో 77 గంటలు పడుకోనివ్వట్లేదని కళాసీ ఎవరికి చెప్పుకోవాలి? సరంగుకా? చాలా బోట్లలో పాస్‌పోర్టు కూడా ఆయన దగ్గరే ఉంటుంది.

నాకు బాగా మంట పుట్టించిన సంగతి ఇంకోటుంది. సరుకు ఓడల్లో పనిచేసేవాళ్లకి వేరే ఒప్పందం, 2006 నాటిది. దానికి 2022లో సవరణ తెచ్చారు, 2024 డిసెంబర్ నుంచి అమలు: సిబ్బందికి ఇంటర్నెట్ అందేలా చూడాలని. మంచిదే. కానీ ఆ ఒప్పందం పరిధిలో చేపల బోట్లు లేవు! 188లోనూ ఫోను వగైరా అందుబాటులో ఉండాలనే మాట ఉంది, "సాధ్యమైనంత మేరకు" అన్న తోకతో. ఆ తోక పట్టుకుని ఎవరైనా ఎక్కడిదాకానైనా ఈదొచ్చు.

కబురు అందకపోతే ఏమవుతుందో ఎవరూ ఊహించుకోనక్కర్లేదు. 2015లో ఇండోనేషియాలో ఒక దీవిలోని బెంజినా అనే ఊళ్లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ విలేకరులు చూసింది బోనులో పెట్టిన మనుషుల్ని. ఆ కథనాల తర్వాత 2 వేల మందికి పైగా బయటపడ్డారు. వాళ్లలో ఒకాయన 22 ఏళ్ల తర్వాత మయన్మార్‌లో తల్లిని చూశాడు. 2020లో చైనా బోటు మీంచి ఇండోనేషియా కార్మికుడి శవాన్ని సముద్రంలోకి జారవిడుస్తున్న వీడియో కొరియా టీవీలో వచ్చింది. తోటివాళ్లు తీసిన వీడియో అది, బుసాన్ రేవు చేరాక గానీ బయటికి రాలేదు. స్క్విడ్ అనే సముద్రజీవిని పట్టడానికి దూరం వెళ్లే బోట్లలో బెరిబెరితో మనుషులు పోయారు. బెరిబెరి! విటమిన్ బి1 లోపం. దాని గుట్టు విప్పినందుకు 1929లోనే నోబెల్ ఇచ్చారు. కాళ్లు వాస్తున్నాయని మొదటి వారంలోనే ఒక డాక్టర్‌కి వీడియో కాల్ పడితే మందేంటో వెంటనే తెలిసేది, ఇంటికి పంపాల్సిన మనిషని అయినా తేలేది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో ఇచ్చిన అంచనా ప్రకారం చేపల బోట్లలో వెట్టిలో ఉన్నవాళ్లు తక్కువలో తక్కువ 1,28,000 మంది. ఒడ్డుకి చేరని గొంతులు ఈ లెక్కలోకి ఎంతమేర వచ్చుంటాయో మీరే ఆలోచించండి.

ఖర్చంటారు. శాటిలైట్ డిష్ ఉన్న నౌకలు బోలెడు. సరంగు వాతావరణం చూసుకుంటాడు, చేప ధర కనుక్కుంటాడు. వైరు అక్కడిదాకా వచ్చాక పాస్‌వర్డ్ ఇవ్వడానికేం ఖర్చు? పని పాడవుతుందంటారు. విశ్రాంతి గంటల్లోనే ఇవ్వండి. అసలు భయం వేరే: వీడియో బయటికి పోతుందని. ఆ భయమే నాకు కావాలి. తైవాన్ బోట్లలో పనిచేసే ఇండోనేషియా కార్మికులు ఏళ్లుగా అడుగుతున్నది ఇదే. జీతం స్లిప్పు ఫొటో తీసి యూనియన్‌కి పంపగలగాలి, డబ్బు ఇంటికి చేరిందో లేదో భార్యని అడగగలగాలి. థాయ్‌లాండ్‌లో జీతాలు బ్యాంకులో వెయ్యాలని రూలు పెడితే కొందరు ఓనర్లు ఏటీఎం కార్డులే లాక్కున్నారు. కాబట్టి వైఫైతో అన్నీ తీరతాయని నేననను. సముద్రం మధ్యలో సరుకు మార్పిడి ఆపాలి, బోటు ఇన్ని నెలలకోసారి రేవుకి రావాల్సిందేనని గడువు పెట్టాలి. ఈలోపు పాస్‌వర్డ్ అయినా ఇవ్వండి.

కొన్నేళ్ల క్రితం విలేకరుల బృందం ఒకటి స్క్విడ్ బోట్ల పక్కగా వెళ్తూ ప్లాస్టిక్ సీసాలు విసిరింది. లోపల పెన్ను, ప్రశ్నలు రాసిన కాగితం, బరువుకి బియ్యం. కొందరు కళాసీలు జవాబులు రాసి సీసాల్ని తిరిగి నీళ్లలోకి విసిరారు. కొన్నిటిలో ఇంటి ఫోన్ నంబర్లున్నాయి. తెప్పలు శాటిలైట్‌తో మాట్లాడే కాలంలో మనుషులు సీసాలో చీటీ పెట్టి పంపారు.

ఇక రీల్స్ సంగతి. పదహారు గంటలు తాడు లాగినవాడు పడుకునే ముందు రెండు రీల్స్ చూస్తే మీకొచ్చిన నష్టమేంటి సార్? రోజుకి నేనెన్ని చూస్తానో ఇక్కడ రాయడానికి నాకే సిగ్గు.