ఆట మానలేదు కాబట్టే సర్జన్ అయ్యాడు

యూనివర్సిటీ జట్టుకు క్రికెట్ ఆడిన కుర్రాడు సర్జన్ అయ్యాడంటే మన ఒడిశా బరంపురంలో అందరూ అనే మాట ఒకటే: "ఆట మానేసి చదువు మీద పడ్డాడు, బాగుపడ్డాడు." పర్లాకిమిడిలోనూ, రాయగడలోనూ ఇదే మాట. నేను ఒప్పుకోను. ఆపరేషన్ థియేటర్‌లో అతన్ని నిలబెట్టినవాటిలో మైదానం నేర్పిన చదువు కూడా ఉంది.

మెడికల్ సీట్ల పరీక్ష నీట్ సంగతి తెలిసిందే. 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పు రాస్తే ఒక మార్కు కోత. ఏళ్ల తరబడి దానికే తయారైన పిల్లవాడి ఒంట్లో జీర్ణించుకుపోయేది తప్పు చేయకూడదన్న భయం. కానీ ఎంత మంచి సర్జన్‌కైనా కొన్ని కేసులు ఎదురుతిరుగుతాయి. అనుకోని చోట రక్తస్రావం మొదలవుతుంది. కుట్లు వేసిన పేగు నాలుగు రోజులకు లీకవుతుంది. జరిగింది దాచకుండా చెప్పాలి, సరిదిద్దాలి, మధ్యాహ్నం ఇంకో రోగి ముందు చేయి వణకకుండా నిలబడాలి. బ్యాట్స్‌మన్‌కి ఇది పద్దెనిమిదేళ్లకే అలవాటు. సున్నాకే అవుటై, అందరూ చూస్తుండగా నడిచొచ్చి, కోచ్‌తో చీవాట్లు తిని, రెండో ఇన్నింగ్స్‌లో మళ్లీ గార్డ్ తీసుకుంటాడు. స్లిప్‌లో గంటల తరబడి వంగి నిలబడి, ఎప్పుడొస్తుందో తెలియని ఒక్క క్యాచ్ కోసం కాచుకుంటాడు. ఈ ఓపికను ఏ కోచింగ్ సెంటర్ మెటీరియల్‌లో అచ్చేస్తారు?

సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, గ్రౌండ్‌లో తిరిగితే ర్యాంకు ఎక్కణ్నుంచి వస్తుందని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ టెన్షన్ నిజమే. కానీ రోజుకు ఒక గంట ఆట వల్ల పోయే ర్యాంకుల కన్నా, నిద్రలేక, దిగులుతో పోయేవే ఎక్కువని నా నమ్మకం.

ఆట, వైద్యం పొసగవనేవాళ్లు తాలిమెరెన్ ఆవోను గుర్తుచేసుకోవాలి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ ఆయన. అప్పటికి కలకత్తాలో వైద్య విద్యార్థి. 1970లో ఆస్ట్రేలియాను నాలుగు టెస్టుల్లోనూ ఓడించిన దక్షిణాఫ్రికా కెప్టెన్ అలీ బాకర్ కూడా డాక్టరే.

తాలిమెరెన్ గురించి నన్ను కదిలించేది ఇంకొకటుంది. ఆయన చదువయ్యాక నాగా కొండలకే తిరిగి వెళ్లి అక్కడి జనానికి వైద్యం చేశారు. మన ఆంధ్ర సరిహద్దు జిల్లాల అసలు కరువు ఇలా తిరిగొచ్చే డాక్టర్లదే. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ 1962లో వచ్చింది, కొరాపుట్‌కీ కాలేజీ వచ్చింది. అయినా కేసు కాస్త ముదిరితే రాయగడ, గుణుపురం వాళ్లు ఇప్పటికీ విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్ దారే పడుతున్నారు. కాలేజీలు కట్టగలిగాం, సర్జన్లను ఇక్కడ నిలుపుకోలేకపోతున్నాం. పన్నెండేళ్లకే పిల్లల్ని విజయవాడ, విశాఖల్లో మైదానం లేని హాస్టళ్లకు పంపేస్తుంటే వాళ్లకు ఈ ఊరితో ముడి ఎలా పడుతుంది? సాయంత్రాలు ఒడియా, తెలుగు పిల్లలు కలిసి ఆడుకున్న చోటే ఆ ముడి పడుతుంది. అలా పెరిగినవాడికి మారుమూల మల్కన్‌గిరి పోస్టింగ్ శిక్షలా అనిపించదు.

అడ్మిషన్ల కాలంలో ఏజెంట్లు మన ఇళ్లకొచ్చి ర్యాంకుల బ్రోషర్లు పరుస్తారు. గ్రౌండ్ ఎక్కడుందో, పిల్లలు అందులోకి రోజూ ఎన్ని గంటలకు దిగుతారో అడగండి. జవాబు రాకపోతే ఫీజు కట్టకండి. పిల్లవాణ్ని ఇంటి దగ్గరే చదివించండి, సాయంత్రం బ్యాట్ చేతికివ్వండి.