పుట్టినరోజు కానుకగా స్వాతంత్ర్యం

"అమెరికా వలస సామ్రాజ్యం కాదు, స్వేచ్ఛను పంచిన దేశం" అని ఒక వ్యాసంలో రాశారు, చదివి నవ్వొచ్చిందండీ. 1898లో స్పెయిన్‌ను ఓడించి ఫిలిప్పీన్స్‌ను 2 కోట్ల డాలర్లకు రాయించుకున్నారు, ఇంట్లో ఉన్నవాళ్లను మాటవరసకైనా అడగలేదు. వాళ్లేమో ఆ ఏడాది జూన్ 12నే స్వాతంత్ర్యం ప్రకటించుకుని జెండా కూడా ఎగరేసుకున్నారు పాపం. ఎదురు తిరిగితే యుద్ధం అని ఒప్పుకోకుండా 'తిరుగుబాటు' అని పేరు పెట్టారు. చివరికి 1946లో వదిలారు, అదీ ఏ రోజు? జులై 4, అమెరికా తన స్వాతంత్ర్య దినం జరుపుకునే రోజే! ఇద్దరి పుట్టినరోజూ ఒకటే అయితే కేకు ఖర్చు కలిసొస్తుందని కాబోలు. 1962లో ఫిలిప్పీన్స్ వాళ్లే పండగను మళ్లీ జూన్ 12కి మార్చుకున్నారు.

అదే యుద్ధంలో స్పెయిన్ నుంచి అమెరికా చేతికొచ్చిన కరీబియన్ దీవి ప్యూర్టోరికో సంగతి ఇంకా తమాషా. 1917లో అక్కడివాళ్లకు అమెరికా పౌరసత్వం ఇచ్చారు, సైన్యంలోకి తీసుకుంటారు, కానీ ఆ దీవిలో ఉన్నంతకాలం అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు, అదే మనిషి విమానమెక్కి ఫ్లోరిడాలో కాపురం పెడితే ఓటు వచ్చేస్తుంది. మనిషి మారలేదు, పాస్‌పోర్టు మారలేదు, మారింది అడ్రసు ఒక్కటే. అమెరికా పార్లమెంటు దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో వాళ్ల తరఫున ఒకరు కూర్చుంటారు లెండి. మాట్లాడొచ్చు, బిల్లు మీద చివరి ఓటు మాత్రం వేయకూడదు. పెళ్లికి పిలిచి విస్తరి వేయనట్టు.